కొత్త కాటా

సెలవల్లో పాలిటెక్నిక్ ల్యాబు తాళంచెవి నా దగ్గిరే ఉంటాది.
పదకొండు మిషన్లు, ఆఫీసోళ్ళు పారేస్తే తెచ్చుకున్నవి.
ఏడో నంబరుకి లోపలి ఫ్యాను పోయింది,
మూత తీసి, ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టినా.
కంపైలరు మారింది.
ఎవురి సొత్తూ కాని ఆపరేటింగ్ సిస్టమ్ ఇది,
దాంట్లో ప్రతి ప్రోగ్రామునీ కొత్తదాంతో మళ్ళీ కట్టి
ఏది నిలబడిందో ఏది కూలిందో రాసి పంపాల.
నా వాటాకొచ్చినవి పన్నెండొందల నలభై.
జీతమా, అడగబాకండి.

కిటికీ అవతల గుడిపాల రోడ్డు మీద
తోతాపురి ట్రాక్టర్లు, పల్ప్ ఫ్యాక్టరీ గేటు దాకా వరస.
నీలం టార్పాలిన్ బండి
సాయంత్రం నించి గజం కదల్లా.
సొన వాసన, డీజిలు వాసన.
తెర మీద అక్షరాలు పరిగెత్తతా ఉండాయి,
రోడ్డు మీద బండ్లు నిలిచిపోయి ఉండాయి.

పన్నెండుకి దొరసామి వచ్చినాడు, టార్చి ఆర్పుకుంటా.
"ఏంది మేడమ్, ఇంకా పోలేదా?"
ఎట్ల చెప్పేది?
వాచ్‌మన్ పనికి ముందు ఫ్యాక్టరీలో కాటా దగ్గిర ఉన్నాడని గుర్తొచ్చి,
"కొత్త కాటా పెడితే ఏం చేస్తారు?" అన్నా.
"పాత కాటాలో తూచిన బండినే
మళ్ళీ ఎక్కించి చూస్తాం."
"అదే చేస్తా ఉండా."
కాసేపు తలూపినాడు. తర్వాత అడిగినాడు,
"తేడా వస్తే, తప్పు ఏ కాటాది?"

రెండుకి కరెంటు పోయింది.
యూపీఎస్‌లు పదకొండూ ఒకేసారి కీచుమన్నాయి, చీకట్లో ఎలకల మాదిరి.
పద్దెనిమిది నిమిషాలకి కరెంటొచ్చింది,
నా ప్రాణం కూడా.
అప్పటికి కూలినవి ముప్పై ఏడు.

అందులో ఒకటి, లేబుళ్ళు ముద్రించే చిన్న ప్రోగ్రాము.
ఏ దేశమో, ఎవురో, తొంభై ఎనిమిదిలో రాసి వదిలేసినారు.
నాలుగొందల పన్నెండో వరస దగ్గిర
కొత్త కంపైలరు కాళ్ళు తన్నిపెట్టి నిలబడింది:
ఈ పేరెవురిది? నాకెవురూ చెప్పలేదే.
పాతది అట్ల అడిగేది కాదు.
తెలీని పేరొస్తే కాస్త గొణిగి,
అంకె అయ్యుంటాదిలే అని లోపలికి పంపేది.
వచ్చేది అంకె కాదు, చిరునామా.
అరవైనాలుగు బిట్ల చిరునామా ముప్పైరెండు దగ్గిర తెగిపోయి,
ఊరు పోయి ఇంటి నంబరు మిగిలిన కవరయ్యేది.
చాలాసార్లు ఆ సగంతోనే చేరేది కూడా.
అందుకే ఇన్నేళ్ళూ ఎవురికీ తెలీలా.

దొరసామి టీ తెచ్చినాడు, ప్లాస్టిక్ కవర్లో.
"కాటాలది కాదు తప్పు," అన్నా, "బండిది."
అతను నవ్వలా.
"మా ఫ్యాక్టరీలో ఒక పిల్లోడు, మేడమ్,
రేయంతా వరసలో ఉండి ఉండి కాయల్లోనే నిద్రబోయేవోడు.
పాత తూకపాయన లేపేవోడు కాదు.
రెండు సీజన్లు ఆ పిల్లోడు
మామిడికాయల లెక్కలోనే పోయినాడు,
ఇరవై రెండు కిలోలు.
కొత్తాయన వచ్చి, అందరూ దిగండి అన్నాడు.
అప్పుడు చూసినారు."
ఆ పిల్లోడెవురని నేనడగలా.
టీలో అల్లం ఎక్కువైంది.

నేను కలిపింది ఒకే ఒక్క వరస,
పైన, అన్నిటికంటే ముందు:
ఈ పేరు గలది వస్తాది, ఇది ఫలానా, అంకె కాదు.
మళ్ళీ కట్టినా. నిలబడింది.
లేబులొకటి ముద్రించి చూసినా,
ఏం రాయాలో తోచక
చిత్తూరు అని రాసినా.

ముప్పై ఆరు.
నీలం టార్పాలిన్ బండి గేటు దాటింది,
దాని వెనకాల బండోడు ఇంకా ఇంజను వెయ్యలా, నిద్రబోతా ఉండాడేమో.
దొరసామి రేయి రిజిస్టరు ముందేసుకుని
పెన్ను విదిలిస్తా అడిగినాడు,
పని అన్న చోట ఏం రాయమంటారని.
నేను చెప్పేలోగానే రాసేసినాడు:
మిషన్లు తూకం.